ఒకటి ఎక్కువ

తిరుపతిలో మూడున్నరకి బయల్దేరాం,
లీలామహల్ సర్కిల్లో పూలబుట్టలు దిగుతుండగా.
వ్యాను గౌస్‌ది. వెనక తలుపుని తాడే కాపాడుతోంది.
నాయుడుపేటలో టీ తాగేటప్పుడు
చెంగల్రాయులు సారు కళ్ళద్దాలు మూడుసార్లు తుడిచాడు.
మంచు, అన్నాడు.
మంచేమీ లేదు.

వాకాడు దాటి, సరుగుడు తోపుల సందున
దోవ ఇసకైపోయే చోట దిగి నడిచాం.
ముందు వాసన వచ్చింది:
చచ్చిన నత్తలు, తడి గోనె, ఎక్కడో సముద్రం.
ఆ తర్వాతే ఉప్పు కయ్యలు.
కొన్ని బూడిదరంగు, కొన్ని అద్దం,
ఒకటి మాత్రం బీట్రూట్ ఉడికించిన నీళ్ళు.
పొడుగుకాళ్ళ ఉల్లంకులు
తనిఖీకొచ్చిన ఆఫీసర్లలా
ఏదీ తొక్కకుండా, అన్నిట్లో ముక్కు పెడుతూ.
గట్టు మీది తీతువు మమ్మల్ని చూసి
కయ్య కయ్యకీ దండోరా వేసేసింది.

లెక్క రాసేది నేను.
హైమావతి టెలిస్కోపుకి కన్నానించి పదులుగా అరుస్తుంది.
గౌస్ నూర్లుగా కొట్టేస్తాడు, టోకు వ్యాపారం చేసినవాడు.
రాజహంసలు నిదానస్తులు, నిలబడి లెక్కబెట్టనిస్తాయి.
చిన్న ఉల్లంకులే లొంగవు.
నలభై మూడు అనేలోపు
మంద మొత్తం లేచి
తెల్లగా తిరిగి, నల్లగా తిరిగి,
అదే బురదలో వేరే వరసలో వాలుతుంది.
మళ్ళీ ఒకటి నుంచి.

సారువి ఒకప్పుడు
రెక్క కొట్టే తీరుని బట్టి పేరు చెప్పే కళ్ళు.
కల్యాణి డ్యాం గట్టు మీద
నాకు మొదటి పిట్టని చూపించింది ఆయనే.
నా తలని రెండు చేతుల్తో పట్టుకొని
పొయ్యి మీద కుండని సర్దినట్టు తిప్పి,
"అదుగో, ఆ కొమ్మ. ఇంకా కొసన."

ఇప్పుడాయన లేచి నిల్చున్నాడు.
"మూడో కయ్య, అవతలి మూల. ఒంటికాలి మీద.
తెడ్డుమూతి కొంగ."

చూశాం.
పారతో లాగి వదిలేసిన ఉప్పు కుప్ప.
దాని మీద చిరిగిన యూరియా సంచి
గాలికి మెడ తిప్పుతా ఉంది.

హైమ టెలిస్కోపు మర ఊరికే బిగించింది.
గౌస్ గొంతు సవరించుకున్నాడు, ఏమీ అనలేదు.
పక్క కయ్యలో పలక లాగుతున్న పోలమ్మ
నడుం మీద చెయ్యేసి అటు చూసింది,
తర్వాత ఆయన్ని చూసింది.
"అదా సామీ, నిన్న గూడా ఆడ్నే ఉండె.
యాడికీ పోదది."
ఆయన మొహం వెలిగిపోయింది.
"చూశారా, చోటుకి అలవాటు పడింది!"
నేను రాశాను: తెడ్డుమూతి కొంగ, ఒకటి.

మధ్యాహ్నం సరుగుడు నీడలో పెరుగన్నం విప్పితే
అందులో ఉప్పు లేదు.
చుట్టూ మైలు పొడుగునా ఉప్పు!
నవ్వి నవ్వి గౌస్‌కి పొలమారింది.
పోలమ్మ అరచేతిలో తెచ్చి పెట్టింది, కల్లుప్పు,
కొంచెం బురద, కొంచెం చేదు.
ఆమె కాలి పగుళ్ళలో మోకాలి దాకా తెల్లగీతలు.
బస్తా ఎంతకి పోతుందని అడిగాను.
చెప్పింది.
ఆ తర్వాత కాసేపు నలుగురం డబ్బాల్లోకే చూసి తిన్నాం.

వచ్చేటప్పుడు సారు నా భుజం మీద నిద్రపోయాడు,
బైనాక్యులర్ పట్టీ మెడలోనే.
రాత్రి జాబితా తిరగరాస్తూ
ఆ ఒక్క వరస దగ్గర పెన్ను ఆగింది.
పంపే కాగితంలో కొట్టేశాను.
నా నోట్‌బుక్కులో ఉంచాను.
కూడితే ఇప్పటికీ రెండూ కుదరవు.

మొన్న ఫోన్ చేశాడు.
"ఎండలు ముదిరాయి. మన తెడ్డుమూతి ఇంకా ఉందంటావా?"
ఈపాటికి లారీ వచ్చి కుప్పలెత్తుకు పోయుంటుంది.
"పోయింటాది సార్," అన్నాను.
"ఎటు?"
ఉప్పు లారీలు నాయుడుపేట మీదుగా పోతాయి.
"పడమరకి."
అవతల చాలాసేపు ఫ్యాను శబ్దం.
"ఈ కాలంలో పడమరకా? వింతే.
రాసిపెట్టు."